పసుపుపచ్చ మేక

ఆ వానకాలం మా చేన్లో క్రాసింగ్ మొదలైన వారానికే మా ప్రశాంత్ టీవీ ముందర పడిపోయాడు.

మాది మల్దకల్ దగ్గర ఊరు. పత్తి విత్తనం పండించే ఇళ్ళు. క్రాసింగ్ రోజుల్లో మా ఇళ్ళల్లో ఎవరికీ ఒళ్ళు తెలియదు. సాయంత్రం ఆడ సాళ్ళలో తిరిగి, మర్నాడు విచ్చబోయే మొగ్గను వెతికి, గోటితో ఒలిచి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లవారాక మగ సాళ్ళ పువ్వులు కోసుకొచ్చి ఆ ఒలిచిన మొగ్గలకు ఒక్కొక్కదానికి పుప్పొడి రుద్దాలి. ఒక పూట ఆలస్యమైతే ఆ మొగ్గ ఎండి రాలిపోతుంది. అందుకే ఇంట్లో జ్వరమొచ్చినా, చుట్టాల్లో చావొచ్చినా మా ఆయన శ్రీను ఒకే మాట అంటాడు: "పువ్వు ఆగదు."

ఆ సాయంత్రం నేను పెరట్లో చేతుల జిగురు కడుక్కుంటున్నాను. లోపల టీవీ గేమ్ పాట మోగుతూనే ఉంది. వాడి కేకలు మాత్రం ఆగిపోయాయి. ఐదేళ్ళ పిల్లవాడు ఆడుతూ ఆడుతూ చప్పుడు చేయకపోతే తల్లికి ఎట్లా ఉంటుంది? తడి చేతులతోనే ఉరికాను. వాడు నేల మీద ఉన్నాడు. కళ్ళు పైకి పోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. పెదవి పక్కన నురగ.

"అత్తా!" అని ఎట్లా అరిచానో, పక్కింటి వాళ్ళు కూడా వచ్చారు.

మా అత్త బుచ్చమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, నడుముకు చెక్కుకున్న తాళాల గుత్తి తీసి వాడి గుప్పిట్లో అదిమింది. ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టింది. "ఏం గాదు బిడ్డా, ఏం గాదు, నీ అవ్వ ఈడనే ఉన్నది" అంటూనే ఉంది. కొంతసేపటికి వాడు ఒళ్ళు సడలి నిద్రలోకి పోయాడు. అప్పుడు అత్త తలెత్తి టీవీ వైపు చూసింది. తెర మీద ఒక మేకపిల్ల, తనను ఆడించేవాళ్ళు లేక, ఉన్నచోటే గంతులు వేస్తోంది.

దాని పేరు టిక్కో. పసుపుపచ్చ ఒళ్ళు, ఆకుపచ్చ బూట్లు, నెత్తిన రెండు కొమ్ములు. మబ్బుల మీదికి ఎగిరి, అడ్డమొచ్చిన గోడలను పొడుస్తుంది. పొడిచినప్పుడల్లా టీవీ అంతా తెల్లగా, ఎర్రగా, మళ్ళీ తెల్లగా మెరుస్తుంది. గేమ్ డబ్బాను మా ఆయన కర్నూలు నుంచి తెచ్చాడు. ఆ ఏడు ఆ మేక లేని తావు లేదు. ఆదివారం పొద్దున బొమ్మల సినిమాలో అదే వచ్చి తెలుగులో మాట్లాడేది. చిప్స్ ప్యాకెట్లో స్టిక్కర్ అయి దొరికేది. గద్వాల బస్టాండు దగ్గర ఒక ఆటో వెనక కూడా ఉండేది, పెయింటర్ దానికి మీసాలు పెట్టాడు. మావాడి చెప్పుల మీద అదే, బడి బ్యాగు మీద అదే.

"ఇదేం మేకనే, ఊరంత మేస్తున్నది" అని మా అత్తే నవ్వేది అంతకు ముందు.

మళ్ళీ ఆదివారం, బొమ్మల సినిమా చూస్తూ వాడు ఇంకోసారి పడ్డాడు. ఈసారి అత్త నవ్వనూ లేదు, ఏడవనూ లేదు. వాడు నిద్రపోయాక నన్ను వాకిట్లోకి పిలిచింది.

"శైలా, వీడు పుట్టినప్పుడు మనం జములమ్మకు ఏం మొక్కినం?"

"మేకను."

"ఇచ్చినమా?"

ఇవ్వలేదు. వాడు పుట్టిన ఏడు వానలు లేవు. మరుసటి ఏడు బోరు వేశాం. ఆ తర్వాత రేపు, మాపు అనుకుంటూ మరిచిపోయాం.

"అమ్మ అడుగుతున్నది" అంది అత్త. "టీవీల పంపింది. ప్యాకెట్ల పంపింది. ఆఖరికి పిలగాని వీపు మీదికి ఎక్కించి పంపింది. మనకే సమజ్ గాలే."

నాకు నవ్వు రాలేదు. బడికి పోయినంత కాలం పోయి ఏడో తరగతిలో మానేసిన దాన్ని. కొడుకు కళ్ళు తేలేసిన ఇంట్లో ఎవరేది చెప్పినా నిజమనిపిస్తుంది. ఎటు చూసినా ఆ మేక మమ్మల్నే చూస్తున్నట్టు ఉండేది. అయినా ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయన్ను అడిగాను.

"ఒక్కసారి కర్నూలు దవాఖానకు తీసుకపోదమయ్యా."

"ఇప్పుడెట్ల పోతమే? చేను నిండ మొగ్గ ఉన్నది. రాయచూరు దిక్కు నుంచి కూలోళ్ళు వస్తుండ్రు. క్రాసింగ్ కానీ, నేనే తీసుకపోత."

"అప్పటిదాంక వానికేమన్న అయితే?"

ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. ఆయనకు మాత్రం భయం లేదా? ఉంది. కాని ఆ భయానికి ఒక మేక చాలు అని తల్లి చెప్పింది. దవాఖాన ఏం చెప్తుందో ఆయనకు తెలియదు. "అమ్మ చెప్పినట్లు మొక్కు తీర్చినంక చూద్దం. పువ్వు ఆగదు శైలా" అన్నాడు, నా మొహం చూడకుండా.

సోమవారం అత్త ఇల్లంతా వెతికి టిక్కో ఉన్నవన్నీ ఒకచోట పోసింది. గేమ్ డబ్బాను రోకలితో పగలగొట్టింది. ఆదివారం ఆ మేక ఇంట్లోకి రాకుండా టీవీ వైరు పీకి దుప్పటి కప్పింది. బ్యాగును ప్రశాంత్ వదల్లేదు. రెండు చేతులతో పొట్టకు కరచుకుని కూర్చున్నాడు.

"టిక్కో ఏం చేసిందే అవ్వా?"

"ఏం చెయ్యలే బిడ్డా. వాళ్ళమ్మ దగ్గరికి పోతది."

"మరి నేను సాగనంపుత."

సాగనంపనివ్వలేదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించి బ్యాగు తీసింది నేనే. పొద్దు గూకేటప్పుడు అత్త వాడికి దిష్టి తీసి, నిమ్మకాయ, పసుపన్నంతో పాటు ఆ బ్యాగునూ చెప్పులనూ ఊరి బయట మూడు దారులు కలిసే చోట పెట్టింది. మా దిక్కున అట్లా పెట్టినవాటిని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఆ పీడ ముట్టుకున్నవాళ్ళకు అంటుతుందని అందరికీ తెలుసు. "ఎనకకు తిరిగి చూడకు" అంది అత్త. నేను చూడలేదు.

మంగళవారం జములమ్మ గుడికి పోయాం. మా ఆయన నల్ల మేకపోతును తాడు పట్టుకుని నడిపిస్తుంటే, ప్రశాంత్ దాని పక్కన నడుస్తూ వేపాకు తినిపించాడు. "దీని పేరేంది నాయినా?" అని అడిగాడు. మా ఆయన తాడు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ఆ రోజు వండిన కూర వాడు ముట్టలేదు. "కడుపు నొస్తుంది" అన్నాడు. వాడికి కడుపు నొప్పి లేదని నాకు తెలుసు.

ఆ తర్వాత వాడు పడలేదు. ఒక వారం, ఇంకో వారం. అత్త మొహం తెరిపిన పడింది. నేనూ మెల్లగా చేన్లోకి దిగాను.

రాయచూరు దిక్కు కూలీలు ట్రాక్టర్లో దిగిన మర్నాటి పొద్దున, మా సాళ్ళ చివర ఒక చిన్నపిల్ల కనిపించింది. హుల్గెమ్మ అట, తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. చిన్న వేళ్ళయితే మొగ్గ నలగదని పిల్లలను కూడా తెస్తారు. నేనూ ఆ వయసు దాటిన రెండు మూడేళ్ళకే ఈ పనికే బడి మానాను. ఆ పిల్ల వంగి మొగ్గ మీది ఎర్ర కాగితం తీస్తుంటే వీపు మీద బ్యాగు కనిపించింది. పసుపుపచ్చ మేక. పట్టీ తెగితే ఆకుపచ్చ దారంతో నేను వేసిన కుట్టు.

సాలు గట్టు మీదే కూర్చుండిపోయాను. ఆ పిల్ల తల్లి దేవమ్మ అది చూసి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఎండ తగిలిందా అక్కా?"

"ఆ బ్యాగు ఏడిది దేవమ్మా?"

"మూడు దారుల కాడ సిక్కింది. నిన్న సంతకు పోయొస్తుంటే సూసినం. ఇంత మంచిది యారో పారేసిండ్రు." దేవమ్మ నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మీదా అక్కా? మీదయితే ఇచ్చేస్తం."

"మాది కాదు" అన్నాను.

ఏమని చెప్పను? నా కొడుకు పీడను అక్కడ వదిలాం, నీ బిడ్డ దాన్ని ఎత్తుకుంది అని చెప్పాలా? చెబితే ఆ తల్లి ఆ చేన్లో ఒక్క రోజు ఉంటుందా? చెప్పకపోతే నేను తల్లినేనా? తీసుకుని మళ్ళీ ఇంటికి తెచ్చే ధైర్యమూ లేదు. ఆ రోజు నుంచి నా పని మొగ్గల మీద లేదు. ఆ పిల్ల ఏ సాలులో ఉంటే నేను పక్క సాలు పట్టేదాన్ని. రొట్టెలు తెచ్చి పెట్టేదాన్ని. నీళ్ళు తాగించేదాన్ని. హుల్గెమ్మకు నేను నచ్చాను. బ్యాగు విప్పి చూపించింది. అందులో దువ్వెన, సగం తిన్న బెల్లం ముక్క, గాజు పెంకులు. ఇది నాదని కన్నడంలో "ఇదు నందు" అంది, ఎవరైనా లాక్కుంటారేమోనని ముందే. ఆ మేక పేరు ఆ పిల్లకు తెలియదు. వాళ్ళ గుడిసెలో టీవీ లేదు.

ఒక మధ్యాహ్నం తలెత్తి చూస్తే సాలులో హుల్గెమ్మ లేదు. పత్తి చెట్ల నడుమ ఎర్ర పావడా మాత్రం నేల మీద కనిపించింది. పరుగెత్తాను. మొగ్గలు విరిగిపోతుంటే వెనక నుంచి మా ఆయన "ఏమే, చెట్లు!" అని అరుస్తున్నాడు. ఆ పరుగులోనే నా లోపల ఒక మాట మెదిలింది: ఈ పిల్ల పడితే నా కొడుక్కు తప్పినట్టే. నేను పిలవలేదు ఆ మాటను. అదే వచ్చింది.

హుల్గెమ్మ బ్యాగును తల కింద పెట్టుకుని పడుకుని ఉంది. నా నీడ పడగానే కళ్ళు తెరిచింది. "నిద్ద వచ్చింది అక్కా. మేస్త్రీకి సెప్పకు" అంది. మేక ముఖం మీద ఆ పిల్ల చెమట మరక. చెంప మీద బ్యాగు జిప్పు అచ్చు. అంతకు మించి ఏమీ లేదు. ఆ పిల్ల చెంప తడుముతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

కూలీలు వచ్చాక పని ఇంకా పెరిగింది. చీకటి ఉండగానే లేచేవాళ్ళం. ప్రశాంత్‌ను నా కంటికి దూరంగా వదిలే ధైర్యం లేక, నిద్రలోనే భుజాన వేసుకుని చేనికి తీసుకుపోయేదాన్ని. ఆ బ్యాగు వాడి కంట పడకుండా ఇవతలి గట్టు మీదే కూర్చోబెట్టేదాన్ని. మూడు నాలుగు రోజులుగా వాడి కళ్ళ కింద నల్లబడుతోంది. ఒక పొద్దున వాకిట్లో నిలబెట్టి మొహం కడుగుతుంటే, నా చేతుల్లోనే బిగుసుకుపోయాడు.

టీవీ మీద దుప్పటి అట్లాగే ఉంది. ఇంట్లో మేక బొమ్మ ఒక్కటి లేదు.

అత్త తాళాలు పెట్టింది, ఉల్లిగడ్డ పెట్టింది. వాడు తేరుకున్నాక లేచి ఇల్లంతా వెతకడం మొదలుపెట్టింది. మంచం ఎత్తింది. గోనె సంచులు దులిపింది. చివరికి నీళ్ళ డ్రమ్ము వెనక గోడకు అంటించిన స్టిక్కర్ దొరికింది. చిప్స్ ప్యాకెట్లోది. వాడెప్పుడో దాచుకున్నాడు.

"ఇగో, ఈడ నక్కి ఉన్నదే!" అంటూ గోటితో గీకింది. "ఇంకో మేకను ఇద్దాం. మనం ఇచ్చింది నల్లది. అమ్మ అడిగింది పచ్చది. పచ్చ మేక యాడ దొరుకుతదో మేకలు మేపే రామన్ననడగాలె."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేను వైపు చూస్తున్నాడు. ఎండ ఎక్కుతోంది, మొగ్గలు ఎదురుచూస్తున్నాయి.

నేను ప్రశాంత్‌ను మగతలో ఉండగానే భుజాన వేసుకుని, ఇంకో చేత్తో అత్త చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆమె చెయ్యి అట్లా పట్టింది లేదు.

"యాడికే?"

"రా అత్తా. ఒకటి చూపిస్త."

చేను చివర వేపచెట్టు కింద కూలీలు సద్దులు విప్పుకున్నారు. హుల్గెమ్మ కాళ్ళు బారజాపుకుని రొట్టెలో కారం అద్దుకుని తింటోంది. బ్యాగు వీపు మీదే ఉంది. అత్త దూరం నుంచే గుర్తుపట్టి ఆగిపోయింది.

"గా పిల్లకు ఎట్ల వచ్చింది?"

"మూడు బాటల కాడ నుంచి ఎత్తుకున్నది. వచ్చిన కాడి నుంచి దాన్ని ఇడువలే. దాని మీదనే పండుకుంటది."

"వీళ్ళకు చెప్పలేదా నువ్వు?"

"చెప్పలే. రోజు చూస్తున్న అత్తా. ఇయ్యాల పడతదా, రేపు పడతదా అని చూస్తున్న."

అత్త పోయి ఆ పిల్ల ముందర కూర్చుంది. గడ్డం పట్టి మొహం ఎత్తింది. కనురెప్పలు కిందికి లాగి చూసింది. అరచేతులు తిప్పి చూసింది. హుల్గెమ్మ నోట్లో రొట్టె పెట్టుకునే, ఈ ముసలామె ఏం చేస్తోందో అర్థంకాక నవ్వింది. దేవమ్మ కంగారుగా లేచింది. "ఏమాయె అవ్వా? మా పిల్ల ఏం జేసింది?"

"ఏం చెయ్యలే తల్లీ" అంది అత్త. "కడుపు నిండ తిననీ."

లేచేటప్పుడు మోకాలు పట్టి తూలింది. నేను పట్టుకోబోతే వద్దంది. మా ఆయన అప్పటికే మా వెనక వచ్చి నిలబడ్డాడు. అత్త కొడుకు వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది.

"కర్నూలు బస్సు ఎప్పుడున్నది?"

"అమ్మా, ఈ పూట పువ్వు..." అన్నాడు మా ఆయన.

"రాలితే రాలనీ" అంది అత్త. కొంగు నడుముకు చెక్కుకుని, నా మగ పువ్వుల సంచి తీసుకుని, చూపు సరిగా ఆననిది, మొగ్గల్లోకి దిగింది.

మా ఆయన అంగీ కూడా మార్చుకోలేదు. బస్సులో ప్రశాంత్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడవునా వాడి కాళ్ళకు అంటిన మన్ను రాలుస్తూనే ఉన్నాడు.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఓపికగా అడిగింది. ఎప్పుడెప్పుడు పడ్డాడు, అప్పుడు ఏం చేస్తున్నాడు, నిద్ర ఎంత. తలకు వైర్లు పెట్టి పరీక్ష చేయించింది. అన్నీ చూశాక, మా ఆయన సిగ్గుపడుతూ మేక సంగతి చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"బొమ్మ తప్పు ఏం లేదు. టీవీలో అట్లా మెరుపులు వస్తుంటే కొందరు పిల్లల మెదడు తట్టుకోలేదు. నిద్ర తక్కువైనా వస్తుంది. మందు రాస్తాను. కొన్నేళ్ళు వాడాలి. తగ్గిందని ఒక్క పూట కూడా మానొద్దు. పడినప్పుడు చేతుల్లో ఏమీ పెట్టకండి, నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి."

"పూర్తిగా పోతదా మేడమ్?" అన్నాను.

"చాలామందికి పోతుంది" అంది. తప్పకుండా పోతుంది అనలేదు. ఆ 'చాలామంది' అన్న మాటను పట్టుకునే ఇంటికి వచ్చాను.

మా అత్తకు అన్నీ చెప్పాం. విని, "మొక్కు ఎట్లయిన తీర్చేదే. అమ్మకు బాకీ లేకుంటయింది" అంది. అంతే. కాని ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ మందు సీసా ఆమె చేతిలోనే. నేను మరిచినా ఆమె మరవలేదు. తాళాల గుత్తి మేకుకు ఎక్కింది. చీకటితో వాడిని లేపబోతే నా మీద కేకలేసేది. "పండనియ్యే వాన్ని! నీ పువ్వు కంటె వాని నిద్ర పెద్దది."

దవాఖానకు పోయిన ఆ పూట మా సాళ్ళల్లో సగం మొగ్గ రాలిపోయింది. ఆ సంగతి మా ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

క్రాసింగ్ అయిపోయింది. కూలీలు వెళ్ళే పొద్దున ట్రాక్టర్ మా ఇంటి ముందరే ఆగింది. దేవమ్మ దిగి వచ్చి చెప్పి పోతానంది. రొట్టెలు మూట కట్టి ఇచ్చాను. ఆమెకు ఆ బ్యాగు సంగతి అప్పుడు చెప్పాను. విని, ట్రాలీలోని కూతురి వైపు చూసింది. కోపమొస్తుందని చూశాను. "నీ కొడుకు బాగున్నడా ఇప్పుడు?" అంది. తల ఊపాను. "అయితే సరే" అని నా చెయ్యి ఒకసారి నొక్కి ట్రాలీ ఎక్కింది.

ప్రశాంత్ నా వెనక నుంచి బయటికి వచ్చింది అప్పుడే. ట్రాలీ అంచున కూర్చున్న హుల్గెమ్మను చూశాడు. బ్యాగును చూశాడు.

"అమ్మా, అది నా బ్యాగు!"

హుల్గెమ్మ బ్యాగును ముందుకు తిప్పుకుని రెండు చేతులతో అదుముకుంది. కొన్ని వారాల కింద వాడు పట్టుకున్నట్టే.

"ఆ అక్కది నాయినా" అన్నాను. "ఆ అక్క దగ్గరే ఉండనీ."

వాడికి ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ట్రాలీ దగ్గరికి పోయి, "దాని పేరు టిక్కో. గిట్ల పొడుస్తది, చూడు" అని తల వంచి, నెత్తి మీద రెండు వేళ్ళు కొమ్ములుగా పెట్టుకుని గాలిని పొడిచాడు. హుల్గెమ్మ చూసింది. తనూ రెండు వేళ్ళు పెట్టుకుని వంగి పొడిచింది. ట్రాక్టర్ కదిలింది. వాడు దాని వెనక ఉరుకుతూ పొడుస్తున్నాడు, ఆ పిల్ల అక్కడి నుంచి పొడుస్తోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. అరుగు మీద మా అత్త కూడా నవ్వుతోంది, చేతిలో మందు సీసాతో.

నేను నవ్వలేకపోయాను. వాడు తల వంచిన ప్రతిసారీ, మళ్ళీ ఎత్తేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఎత్తాడు. మళ్ళీ వంచాడు. మళ్ళీ ఎత్తాడు.